తలుపు బయట బూట్లు

హుజూర్‌నగర్ దగ్గరి ఒక హైస్కూలు ప్రధానోపాధ్యాయురాలు ఉమారాణి ఆ ఉదయం గట్టి నిర్ణయంతో బడికి వచ్చింది. బీపీ దిగకపోతే సెలవు పెట్టి ఇంట్లో కూర్చోవాల్సిందేనని డాక్టరు హెచ్చరించాడు. బడి వదిలి ఉండటం ఆమె వల్ల కాదు. హెడ్మాస్టర్ల మానసిక ఆరోగ్యం మీద జరిగిన శిక్షణలో, రోజూ కాసేపు తలుపేసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టమన్నారు. సరే, అదీ చూద్దామనుకుంది. కుట్టు వేయించడానికి తెచ్చిన భర్త నల్ల బూట్లను గది బయట పెట్టి, ఫోను ఆపి, తలుపు వేసుకుంది.

ఆ బడిలో పెద్ద మేడం గది తలుపు మూసేది తనిఖీ అధికారి వచ్చినప్పుడే. మూసిన తలుపు, దాని ముందు మగవాళ్ల బూట్లు చూసేసరికి అటెండరు గుర్వయ్యకు చెమటలు పట్టాయి. స్టాఫ్ రూముకు పరుగెత్తాడు.

"నాగేందర్ సారూ, లోపల తనిఖీ సారున్నడు!"

ఫోనులో క్రికెట్ చూస్తున్న లెక్కల సారు నాగేందర్ దిగ్గున లేచాడు. "ఎప్పుడొచ్చిండు?"

"ఏమో! బూట్లిడిశి కూసున్నడంటే ఇప్పట్ల కదలడు."

నాగేందర్ సుద్దముక్క కోసం గదులన్నీ వెతికి, ఆ ఏడాదిలో మొదటిసారి గంట కొట్టకముందే క్లాసుకు పోయాడు. వంట చేసే బిక్షమ్మ తన నీళ్ల పప్పును చూసి నాలుక కరుచుకుని, ఇంకింత పప్పు పొయ్యి మీద పెట్టింది. బడి కమిటీ చైర్మన్ ఐలేశానికి కబురందింది. ప్రహరీ గోడ మంజూరు చేయడానికే సారు వచ్చాడని తనకు తనే తేల్చుకుని, ఆయన పూలదండతో, పది మందిని వెంటేసుకుని దిగాడు. తలుపు కొట్టే ధైర్యం ఎవరికీ లేదు. చెప్పులు చేత పట్టుకుని వరండాలో ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

లోపల ఉమారాణికి ఆశ్చర్యంగా ఉంది. అరుపుల్లేవు, ఫిర్యాదుల్లేవు. పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. ఊపిరికి ఇంత మహిమ ఉందా అని ఆమె కళ్లు చెమర్చాయి.

తృప్తిగా తలుపు తీసింది. ఐలేశం దండ పట్టుకుని లోపలికి తొంగి చూశాడు.

"సారేడి మేడం?"

"ఏ సారు?"

"గీ బూట్ల సారు!"

ఉమారాణి బూట్లను చూసింది. దండను చూసింది. ఎదుటి క్లాసులో చెమటోడ్చి పాఠం చెబుతున్న నాగేందర్‌ను చూసింది. నిజం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఎనక దర్వాజకెల్లి పోయిండు."

"బూట్లిడిశిపెట్టా?"

"రేపు మళ్లొస్తనన్నడు."

నెల తిరిగేసరికి ఉమారాణి బీపీ దిగింది. ఆమె భర్త మాత్రం ఇప్పటికీ చెప్పులతోనే ఆఫీసుకు పోతున్నాడు.