హొసకేరి స్వతంత్ర రాజ్యం

గద్వాలకు అవతల, మా మల్లెంకొండలో ప్రజావిప్లవం విజయవంతమైంది. అంటే, పాత సర్పంచ్ పంచాయతీ ఆఫీసు వెనక కిటికీలోంచి దూకి పారిపోయాడు. కొత్త సర్పంచ్ జగదీశ్ కుర్చీ ఎక్కగానే ఊళ్లో బోర్డులన్నీ తెలుగులోనే ఉండాలని ఆర్డర్ వేశాడు. సాయంత్రానికల్లా కన్నడం మాట్లాడే నేతవాళ్ల వాడ హొసకేరి స్వతంత్ర రాజ్యమైపోయింది.

ఆ చారిత్రక ప్రకటన చేసిన శరణప్ప గారిని నేను కళ్లారా చూశాను. కిందటి ఎలక్షన్లో తాను ఓడిన బాధను జాతి బాధగా మార్చగల మహానుభావుడు. మగ్గం గుంట పక్కన కుర్చీ వేయించుకుని, దానిమీద నిలబడి, "నమ్మ నాడు, నమ్మ నుడి!" అని, అంటే మన నేల, మన భాష అని గర్జించారు. అంతటితో ఆయనకు వచ్చిన కన్నడం అయిపోయింది. మిగతా ప్రసంగం తెలుగులో సాగింది.

తాను ప్రెసిడెంట్ అయి, ఇంటికో మంత్రి పదవి ఇచ్చారు. విదేశాంగ శాఖ తన బావమరిది వినయ్‌కు దక్కింది. వాడ మొదట్లో అడ్డంగా వెదురుబొంగు కట్టి, అదే సరిహద్దన్నారు. నల్లా మాత్రం విదేశంలో ఉండిపోయింది. ఆడవాళ్లు బొంగు కింద వంగి వెళ్లి నీళ్లు దిగుమతి చేసుకున్నారు.

వాడలో తెలుగిల్లు ఒక్కటే, పెంటమ్మది. మైనారిటీల హక్కులు కాపాడతానని శరణప్ప గారు ఆమెకు స్వయంగా మాటిచ్చారు.

"గవి యాడున్నయో జర చూపియ్యి నాయనా, ఇంట్ల పెట్టుకుంట" అంది పెంటమ్మ.

మర్నాడు మిట్టమధ్యాహ్నం పెంటమ్మ కోడలు నవనీతకు నొప్పులు మొదలయ్యాయి. ఆటో బొంగు దగ్గర ఆగింది.

"విదేశం పోవాల్నంటే పర్మిషన్ కావాలె" అన్నాడు వినయ్.

"దవాఖానకు పోవాల్రా! ఇయ్యి మరి!" అంది ఆటోలోంచి పెంటమ్మ.

"ప్రెసిడెంట్ సాబ్ ఇయ్యాలె."

"యాడున్నడు?"

"జగదీశ్ సార్ ఇంట్ల. చర్చలు నడుస్తున్నయ్."

"మరి గాయన ఎవర్నడిగి పోయిండు?"

"ఆయన ప్రెసిడెంట్ గద."

లోపల నవనీత కేక పెట్టింది. పెంటమ్మ ఆటో దిగింది.

"గట్లయితే మా ఇల్లు గూడ వేరే దేశమే! దానికి నేనే ప్రెసిడెంట్‌ను. పర్మిషన్ ఇచ్చిన, పో జరుగు!"

అంటూ బొంగు ఒక కొస పట్టి పీకింది. నల్లా దగ్గరున్న కన్నడ ఆడవాళ్లు బిందెలు వదిలేసి వచ్చి రెండో కొస పట్టారు. విదేశాంగ మంత్రి గోడవారకు తప్పుకున్నాడు. పొద్దుగుంకే వేళకు గద్వాల దవాఖానలో నవనీతకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం.

ఇక్కడ చర్చలు కూడా ఫలించాయి. హొసకేరి మాతృభూమిలో విలీనమైంది. శరణప్ప గారు భాషా సామరస్య కమిటీ చైర్మన్ అయ్యారు. బోర్డులు తెలుగులోనే ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది చైర్మన్ గారిదే. తొలి సభలో జాతి సమైక్యత గురించి చెబుతూ ఆయన కళ్లొత్తుకున్నారు. నేను గట్టిగా చప్పట్లు కొట్టాను.

పసిదాన్ని ఎత్తుకుని పెంటమ్మ ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు.

"ఏంది సారూ?"

"నీ మీద కంప్లైంట్ వచ్చింది. వేరే దేశం పెట్టినవంట?"

"ఎవలిచ్చిండ్రు?"

"చైర్మన్ సాబ్."