అత్తగారు మాట్లాడని పొద్దు

ఆ రోజు పొద్దున్న వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆరింటికి బస్సు డ్రైవరు డ్యూటీకి వెళ్ళాలి. తొమ్మిదిన్నరకల్లా అతని భార్య గది ఖాళీ చెయ్యాలి. పదింటికి పరీక్షకి కూర్చుని, పన్నెండింటికి లేవాలి. ఇందులో అత్తగారు చెయ్యవలసిన పని ఒక్కటే. ఆ రెండు గంటలూ మాట్లాడకుండా ఉండటం.

ఇంటిల్లిపాదీ భయపడింది ఆ ఒక్కదానికే.

అది ఇంగ్లీషు పరీక్ష. ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని రాయాలి. ఎక్కడో ఉన్న పర్యవేక్షకుడు కెమెరాలోంచి చూస్తూ, మైకులోంచి వింటూ ఉంటాడు. కోడలి చదువు పదకొండో తరగతి మధ్యలో ఆగిపోయింది. పెళ్ళి, ఆ వెనకే చిట్టి. ఇప్పుడు చిట్టికి మూడేళ్ళు. ఆస్పత్రిలో నర్సులకి సాయంగా పనిచేసేవాళ్ళకి ఒక కోర్సు పెట్టారు. చదువు ఎక్కడ ఆగినా ఫరవాలేదు, ఇంగ్లీషులో అరవై మార్కులు వచ్చిన కాగితం నాలుగు నెలల గడువులో, అంటే ఈ శుక్రవారంలోగా, తెస్తే చేర్చుకుంటామన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాలుగు నెలలుగా ఆమె కనబడిన ప్రతి వస్తువు గురించీ రెండేసి నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడుతోంది. చిట్టికి స్నానం చేయిస్తూ సబ్బు గురించి చెప్పేది. అన్నం తినిపిస్తూ చెంచా గురించి చెప్పేది. "ఇంక చాల్లే అమ్మా" అనడం చిట్టి ఆ రోజుల్లోనే నేర్చుకుంది.

పరీక్ష రెండుసార్లే రాయనిస్తారు. మొదటిసారి పోయిన నెలలో సగం వరకూ బాగానే జరిగింది. అంతలో వంటింట్లోంచి అత్తగారు, "అమ్మాయ్! గ్యాస్ కట్టేశావా?" అని అడిగింది. గదిలో మరొకరి గొంతు వినిపించింది కాబట్టి పరీక్ష రద్దు చేస్తున్నామని తెరమీద రాత వచ్చింది.

అత్తగారిది మంచి మనసే గానీ, పెద్ద గొంతు. ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం ఆవిడకి మర్యాద కోసమే తప్ప అవసరం లేదు. గుసగుసలు అసలు చేతకావు. ఆవిడ రహస్యం చెప్పడం మొదలుపెడితే కింద అంతస్తువాళ్ళు మొహమాటపడి కిటికీలు వేసుకునేవారు.

"అత్తయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను. ఇవాళ పోతే ఇంక లేదు" అంది కోడలు.

"నేనేమన్నా చిన్నపిల్లనా? తలుపు దగ్గర కాపలా కూర్చుంటాను. ఎవరొచ్చినా నోరు తెరవను."

"ఆ మాటే కొంచెం మెల్లగా అనండి."

"మెల్లగానేగా అంటున్నాను!" అంది అత్తగారు. అలమరలో గ్లాసులు కదిలాయి.

"అమ్మా, నువ్వు రెండు గంటలు ఊరుకున్నావంటే, సాయంత్రం నాలుగు గంటలు నేను కూర్చుని వింటా" అని కొడుకు టోపీ పెట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

చిట్టిని ముందురోజే పిన్ని ఇంటికి పంపించేశారు. ఇక గది ఖాళీ చెయ్యాలి. చదవడానికి వీలైనదేదీ కంటికి కనబడకూడదని నియమాల్లో ఉంది. పుస్తకాలు తీసేస్తే సరిపోయేదేమో. కానీ కోడలికి ఒకసారి దెబ్బ తగిలిన భయం. క్యాలెండరు తీసింది. గడియారం మీద అంకెలున్నాయని అదీ తీసింది. ఇనప బీరువా మీద కంపెనీ పేరుంది. పరుపు మూలన కుట్టిన గుడ్డముక్క మీద ఏదో రాసుంది. తలగడ మీద అత్తగారే ఎప్పుడో ఎర్రదారంతో "గుడ్ నైట్" అని కుట్టింది. చిట్టి బొమ్మ పొట్టమీద ఏబీసీడీలున్నాయి. చిట్టి ఎంత ఎత్తు పెరిగిందో పెన్సిలుతో గోడమీద గీసిన గీతల్ని మాత్రం తియ్యలేక, తడిగుడ్డ పట్టుకుని కాసేపు నిలబడి, చివరికి వాటిమీద తువ్వాలు వేలాడదీసింది.

మొత్తం సామానంతా మూడో అంతస్తు వరండాలోకి వచ్చింది. మంచం తలుపు పక్కనే వేసి, పరుపు పొడుగ్గా చుట్టి దానిమీద పెట్టారు. ఒక చివర తలగడ ఉంచి, దుమ్ము పడకుండా పైన తెల్లదుప్పటి కప్పారు. బీరువా మంచం పక్కన నిలబెట్టారు. "పరీక్ష జరుగుతోంది, దయచేసి శబ్దం చెయ్యకండి" అని ఎర్ర సిరాతో రాసిన కాగితం దాని తలుపుకి అంటించి, కోడలు గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

బీరువా అద్దానికి ఎండ తగులుతోంది. అద్దం పాడైపోతుందని అత్తగారు బీరువా మీద కూడా ఒక తెల్లదుప్పటి కప్పింది. దాని తలుపుకి అంటించిన కాగితం దుప్పటి చాటున మరుగునపడిపోయింది. ఆవిడ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుని, పెదాలు బిగించింది.

పది గంటల అయిదు నిమిషాలకి ఎదురు వాటాలో ఉండే టైలరమ్మ, చిట్టికి కుట్టిన గౌను ఇద్దామని బయటికి వచ్చింది.

"అదేంటి పిన్నిగారూ, ఇల్లు ఖాళీ చేస్తున్నారా? ఒక్క మాటైనా చెప్పలేదే!"

అత్తగారు మాట్లాడలేదు.

టైలరమ్మ ఆగిపోయింది. ఈ వాటాలోకి వచ్చి ఆరేళ్ళయింది. అడిగినదానికి ఈవిడ జవాబు చెప్పకపోవడం ఎన్నడూ చూడలేదు. అడగనివాటికి కూడా చెప్పేది. దగ్గరికొచ్చి చూస్తే ఆవిడ కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి. నిజానికి మాట ఆపుకుంటే ఆవిడకి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. కానీ ఆవిడ మాట ఆపుకోవడం ఎవరూ చూడలేదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియదు.

టైలరమ్మ చూపు అప్పుడు మంచం మీద పడింది. పొడుగ్గా, కదలకుండా, తెల్లదుప్పటి కింద.

"అబ్బాయి... అబ్బాయి డ్యూటీకి వెళ్ళాడా?" అంది.

అత్తగారు దూరంగా రోడ్డుకేసి చెయ్యి చూపించి, ఆరు వేళ్ళు చూపించింది. ఇంకా ఏమన్నా అడుగుతుందేమోనని భయపడి, మూతిమీద వేలు పెట్టుకుని, ఆ వెంటనే రెండు చేతులూ జోడించింది.

టైలరమ్మ చేతిలో గౌను కిందపడిపోయింది.

"రోడ్డుమీద... పొద్దున్న ఆరింటికా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మెట్లు దిగింది.

మొదట ఆగింది ఆవిడ కుట్టుమిషనే. లోపల కోడలు పరీక్షలో ఇంగ్లీషు విని జవాబులు రాసే భాగంలో ఉంది. ఏ చప్పుడు గురించి వారం రోజులుగా నిద్రపట్టక దొర్లిందో ఆ టకటకలు ఆగిపోయేసరికి, ఎవరికో మనసులో దణ్ణం పెట్టుకుంది. మరో అయిదు నిమిషాలకి కింద నీళ్ళ మోటారు ఆగింది. విషయం వినగానే ఇంటి ఓనరే కట్టేశాడు. తర్వాత రెండో అంతస్తులో వడ్రంగి సుత్తి ఆగింది. ఎప్పుడూ మొరిగే కుక్కని ఎవరో ఎత్తుకుని పక్కవీధికి తీసుకుపోయారు. ఆ మేడ కట్టాక అంత నిశ్శబ్దం అదే మొదటిసారి.

ఎంత నిశ్శబ్దమంటే, మీ మైకు పనిచేస్తోందా, ఒకసారి చప్పట్లు కొట్టండి అని పర్యవేక్షకుడు తెరమీద రాశాడు. కోడలు రెండుసార్లు చప్పట్లు కొట్టింది.

మెట్లమీద కూర్చున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"లోపల చప్పట్లు కొడుతోంది" అన్నాడు వడ్రంగి గుసగుసగా.

"పాపం, మతి చెదిరినట్టుంది. చిన్నపిల్ల. ఏం చూసిందని" అంది టైలరమ్మ.

అప్పటికి మెట్లనిండా జనం. పై అంతస్తువాళ్ళు, కింది అంతస్తువాళ్ళు, వీధి చివర మందుల షాపాయన. ఒక్కొక్కరే వచ్చి, అత్తగారి ముందు తల వంచి, చప్పుడు చెయ్యకుండా కూర్చుంటున్నారు. అత్తగారు ఆశ్చర్యపోయింది. కోడలి పరీక్ష అని తెలిసి ఇంతమంది పనులు మానుకుని వస్తారనుకోలేదు. ఓనరు మోటారు కట్టేశానని సైగ చేస్తే ఆవిడకి కన్నీళ్ళు ఆగలేదు. అది చూసి మెట్లమీద నలుగురు ముక్కులు చీదబోయి, మర్యాదగా ఆపుకున్నారు.

"ఒకసారి ముఖం చూద్దామా?" అన్నాడు మందుల షాపాయన, ఓనరు చెవిలో.

"వద్దండీ. బస్సు ప్రమాదమట. నేను చూడలేను" అన్నాడు ఓనరు. కిందికి దిగి బస్సు డిపోకి ఫోను చేశాడు. "మీ డ్రైవరు పోతే మీవాళ్ళు ఒక్కళ్ళైనా రాలేదేమండీ? మనిషిని ఇక్కడ పడుకోబెట్టి ఇంతసేపయింది."

అవతల కంట్రోలరు డ్యూటీ చార్టు తిరగేశాడు. తర్వాత, "మరి బస్సెక్కడుంది?" అన్నాడు.

డిపోలో ఎవరికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. డ్రైవరుకి ఫోను చేస్తే ఎత్తడం లేదు. అతను బస్సు నడిపేటప్పుడు ఫోను సంచీలో పెట్టేసే మంచి డ్రైవరని ఆ కంగారులో ఎవరికీ గుర్తు రాలేదు. గేటు కాపలాదారుని ఉంచి, తక్కినవాళ్ళందరూ పూలచక్రం ఒకటి కొనుక్కుని బయల్దేరారు.

పదకొండున్నరకి డ్రైవరు మొదటి ట్రిప్పు ముగించి బస్సు డిపోలోకి తెచ్చాడు. లోపల ఒక్క పురుగు లేదు. గేటు దగ్గర కాపలాదారు అతన్ని చూసి, తాగుతున్న నీళ్ళ సీసా వదిలేశాడు. అతని ఇల్లున్న దిక్కుకి చెయ్యి చూపించాడు.

డ్రైవరు వెనక్కి తిరిగి ఇంటికేసి పరిగెత్తాడు. ఎలా వచ్చాడో అతనికే తెలియదు. మేడ దగ్గర మోటారు మోగడం లేదు, మిషను చప్పుడు లేదు. మెట్లనిండా జనం. వాళ్ళు ఇంకా తల తిప్పి చూడకముందే మూడో అంతస్తుకి చేరాడు. పూలచక్రం పట్టుకున్న కంట్రోలరు కనిపించాడు. తెల్లదుప్పటి కనిపించింది. పక్కన అమ్మ కూర్చుని ఉంది, ఏడుస్తోంది. అమ్మ ఉంది, చిట్టి పిన్ని దగ్గర ఉంది. మరి...

పరీక్ష బెంగతో ఈ పిల్ల వారం నుంచీ సరిగ్గా తినను కూడా లేదు.

అతను గొంతెత్తి ఏడవడానికి నోరు తెరిచాడు. అతన్ని చూసి టైలరమ్మ కెవ్వుమనడానికి నోరు తెరిచింది. ఆవిడ వెనకాల నలభై నోళ్ళు తెరుచుకున్నాయి. అప్పటికి సమయం పన్నెండుకి మూడు నిమిషాలు తక్కువ.

అత్తగారు స్టూలుమీంచి ఎలా లేచిందో ఎవరూ చూడలేదు. ఒక చెయ్యి కొడుకు నోటికి అడ్డం పెట్టేసింది. రెండోది జనం మీదికి ఎత్తి పట్టుకుని, కళ్ళెర్రజేసి మెట్లు మొత్తం ఒక్కసారి చూసింది. నలభై నోళ్ళూ మూతబడ్డాయి. మందుల షాపాయన తన నోటికి తోడు పక్కవాడి నోరు కూడా మూశాడు.

ఆ నిశ్శబ్దంలో తలుపు వెనకనుంచి కోడలి గొంతు స్పష్టంగా వినిపించింది. మీ ఇరుగుపొరుగు గురించి చెప్పండి అన్నది ఆఖరి ప్రశ్న. ఆమె తడుముకోకుండా చెబుతోంది. తమ మేడ చాలా ప్రశాంతంగా ఉంటుందనీ, ఇక్కడివాళ్ళు ఒకరి విషయంలో ఒకరు తలదూర్చరనీ.

డ్రైవరు భార్య గొంతు విన్నాడు. తలుపుకేసి చూశాడు, మంచంకేసి చూశాడు. అమ్మ చెయ్యి నోటిమీద ఉండగానే వంగి, మెల్లగా దుప్పటి చివర ఎత్తాడు.

"గుడ్ నైట్" అని ఉంది.

పన్నెండయింది. గడియ తీసిన చప్పుడైంది. కోడలు మొహం వెలిగిపోతూ గుమ్మంలోకి వచ్చింది. "అయిపోయింది అత్తయ్యగారూ! ఒక్క చప్పుడు లేదు, ఒక్కటంటే ఒక్కటి!" అంటూ తలెత్తి చూస్తే మెట్లనిండా జనం.

ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. అందరికన్నా ముందున్న కంట్రోలరు, చేతిలో ఉన్నది దాచడానికి చోటు లేక, పూలచక్రం ఆమె చేతికిచ్చేశాడు.

"నా పరీక్షకా? ఇంతమందా?" అంది కోడలు. పూలచక్రాన్ని గుండెకి హత్తుకుంది. "మీకందరికీ ఎలా తెలుసు?"

ఓనరు టైలరమ్మకేసి చూశాడు. టైలరమ్మ కింద పడిన గౌను తీసి దులిపింది. "తెలుస్తుందమ్మా. ఒక మేడలో ఉంటున్నాం, ఆమాత్రం తెలీదూ?" అంది.

పూలచక్రం మీద కాగితం ఉంది. కోడలు చదివింది. "మీ సేవలను ఎన్నటికీ మరువలేము."

"ఇంకా కోర్సులో చేరనే లేదు కదండీ!" అంది సిగ్గుపడుతూ.

"చేరతారు, తప్పకుండా చేరతారు" అన్నాడు కంట్రోలరు చెమట తుడుచుకుంటూ. తర్వాత డ్రైవరు భుజం పట్టుకుని, మనిషి గట్టిగానే ఉన్నాడో లేదో ఒకసారి నొక్కి చూసుకున్నాడు.

అప్పుడు అత్తగారు ఊపిరి పీల్చుకుంది. "ఇప్పుడు మాట్లాడొచ్చా అమ్మాయ్?" అంది. పక్కవీధికి తీసుకెళ్ళిన కుక్క అక్కణ్ణుంచే మొరిగింది. ఆ సాయంత్రం డ్రైవరు మాటిచ్చిన ప్రకారం నాలుగు గంటలూ కూర్చుని విన్నాడు. ఆవిడ అయిదో గంట కూడా చెప్పింది. భార్య పక్కనే కూర్చుని వింటూంటే అతనికి లేవబుద్ధి కాలేదు.

గురువారం మార్కులు వచ్చాయి. అరవై నాలుగు. శుక్రవారం ఆఫీసు తలుపులు తెరవకముందే కోడలు కాగితంతో గుమ్మంలో నిలబడింది. పూలు వాడిపోయినా చక్రం మీది కాగితం మాత్రం గదిలో గోడకి, చిట్టి ఎత్తు గీతల పక్కన అంటించుకుంది. అసలు సంగతి డ్రైవరు ఆమెకి ఇంతవరకూ చెప్పలేదు.

అత్తగారు ఏ మధ్యాహ్నమో కునుకుతీస్తూ అయిదు నిమిషాలు మాట్లాడకపోతే మాత్రం, ఎదురు వాటాలో టైలరమ్మ మిషను ఆపి చెప్పులు వేసుకుంటోంది.