పండ్ల ఈగలూ ఏడుగురు సభ్యులూ

ఇందుమూలంగా తెలియజేయడమేమంటే, ఉద్యోగినుల పసిపిల్లల కోసం ఒక గది కేటాయించాలని మా పరిశోధన సంస్థ నిర్ణయించింది. గది ఎక్కడుండాలో తేల్చడానికి ఏడుగురితో కమిటీ వేశారు. ఏడుగురూ మగవారే, అనుభవజ్ఞులు. అందరి పిల్లలూ పెళ్లీడుకొచ్చినవాళ్లే కనుక తొందరపాటుకు తావు లేదు. పదకొండు నెలలు గడిచినా పసిపిల్లలకూ తావు దొరకలేదు.

ఈలోగా ఈగల శాఖలోని పరిశోధకురాలికి ప్రాణం మీదికొచ్చింది. ఆమె పాపకు తొమ్మిదో నెల. పాపను చూసుకునే అత్తగారికి మోకాళ్లు మొరాయించాయి. "నెలాఖరు దాకా ఎలాగో ఈడుస్తానమ్మా. ఆపైన నావల్ల కాదు," అని ఆవిడ చెప్పేసింది. గది రాకపోతే ఉద్యోగం మానుకోవడమే. ఆమె డైరెక్టరుగారి దగ్గర మొరపెట్టుకుంది. ఆయన కరిగిపోయి, ఆమె పరిశోధన మీద కమిటీకి ఒక ఉపన్యాసం ఇమ్మన్నారు.

పండ్ల ఈగ గుడ్లు పెట్టడానికి చోటు ఎలా ఎంచుకుంటుందన్నదే ఆమె పరిశోధన. ముగ్గిన పండు కనబడగానే పెట్టేయదు. కాళ్లతోనే రుచి చూస్తుంది, మూతి ఆనిస్తుంది, పొట్ట చివరతో పొడిచి మెత్తదనం చూసుకుంటుంది. తీపంటే దానికి ప్రాణమే. అయినా పక్కనే తీపి లేని చోటు ఉంటే, తను ఇక్కడ తిని గుడ్లు అక్కడ పెడుతుంది.

"ఆహా! ఈగకున్న బుద్ధి మనకు లేకపోతే ఇంక సైన్సెందుకండీ?" అన్నారు డైరెక్టరుగారు. ఈగ పద్ధతినే పాటించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

మర్నాడు ఏడుగురూ బూట్లు విప్పి సంస్థంతా కలియదిరిగారు. మూతి ఆనించే అంశంలో మాత్రం వయసు దృష్ట్యా మినహాయింపు పొందారు. జనరేటరు పక్కనున్న పాత సామాన్ల గదిలో అరికాళ్లకు వెచ్చగా తగిలింది. అదే ఖాయం చేశారు.

"సార్, ఆ మోతకి పిల్లలు నిద్రపోరండీ," అంది పరిశోధకురాలు.

"చూడమ్మా, మీది ఈగల శాఖ. ఇది పిల్లల విషయం. తెలిసినవాళ్లం మేం చూసుకుంటాం కదా!" అన్నారు కమిటీ పెద్దలు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. రిబ్బను తెగగానే పిల్లలంతా గుక్కపట్టి ఏడ్చారు. అది ఆనందమని డైరెక్టరుగారు మైకులో వివరించారు.

మూడో రోజున ఈ ఆదర్శ కేంద్రం గురించి ప్రసంగించడానికి కమిటీ పొరుగూరు వెళ్లింది. తల్లులు నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పరిశోధకురాలు వెళ్లి కమిటీ సమావేశాల గది తాళం తీసింది. మెత్తటి తివాచీ, మందపాటి పరదాలు, చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. ఏడుగురు పెద్దలు పదకొండు నెలలు హాయిగా కునుకు తీసిన గది అది. పాపకు రెండు నిమిషాలు చాలాయి. పక్కనే కూలబడ్డ తల్లికి తను నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

వారం తర్వాత డైరెక్టరుగారు ఆ తలుపు తోశారు.

"ఏమిటిదంతా? ఎవర్నడిగి..."

"ష్!" అన్నారు నలుగురు తల్లులూ.

సంస్థ చరిత్రలో మొదటిసారి ఆయన గొంతు తగ్గించారు. నిద్రపోతున్న పిల్లల్ని కదిపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. గది వాళ్లకే ఉండిపోయింది, పరిశోధకురాలికి ఉద్యోగమూ మిగిలింది.

అయితే కమిటీ ప్రమేయం లేకుండా ఇంత మంచి చోటు ఎలా దొరికిందో విచారించడానికి ఇంకో కమిటీ వేశారు. అందులో ఒక తల్లిని కూడా వేయమని ఎవరో సూచించారు. పిల్లల విషయంలో తల్లులకు పక్షపాతం ఉంటుందని పెద్దలు ఆ సూచనను తోసిపుచ్చారు.