వరదమ్మ టీవీకి పాటలు పడవు

"జిల్లాలో నేరం ఇంకా మిగిలి ఉండాదంటే ఒకటే కారణం. నాకు మండీలో సెలవు దొరకలేదు."

చిత్తూరు బెల్లం మండీ గుమాస్తా దామోదరం ఈ మాట అన్నది 1987లో, ఒక ఆదివారం సాయంత్రం, పక్కింటి వరదమ్మ నట్టింట్లో నిలబడి.

వరదమ్మ దిగులు వేరు. కొడుకు కొనిచ్చిన రంగుల టీవీ, సినిమాలో పాట మొదలవగానే ఎవరూ ముట్టకుండా ఆరిపోతోంది. పాట అయిపోగానే దానంతటదే వెలుగుతోంది. పోయిన భర్తకు సినిమా పాటలంటే ఒళ్ళుమంట.

"ఆయనే ఆపతా ఉండాడప్పా. నేను సూసేది ఆయనకి ఇష్టం లేదు. రేపే అమ్మేస్తా" అంది కళ్ళొత్తుకుంటూ.

దామోదరం తల అడ్డంగా ఊపాడు. ఇది గూఢచారుల పనేనని, సూళ్లూరుపేట పక్కనున్న రాకెట్ కేంద్రం మీదికి వాళ్ళు వదిలే రేడియో తరంగాలు దారితప్పి ఈ సందులో దూరుతున్నాయని తేల్చాడు. రిమోట్‌లోంచి వచ్చేది కంటికి కనబడని వెలుతురని, టార్చిలైటులా చూపినవైపే పోతుందని, గోడ అడ్డమొస్తే ఆగిపోతుందని అంగడివాళ్ళు చెప్పినట్టు వరదమ్మ గుర్తుచేసింది. అతను జాలిగా నవ్వాడు.

"కనబడకపోతే అది వెలుతురెట్లా అయితాదక్కా?"

తరంగాలను పైనే పట్టాలని కిటికీ దగ్గర స్టూలెక్కాడు. స్టూలు ఒరిగింది. చేతికందిన కిటికీ రెక్కను పట్టుకుని, దాన్ని ధడాలున మూసేస్తూ నేలమీద పడ్డాడు.

అప్పుడే టీవీలో నడుస్తున్న సినిమాలో పాట మొదలైంది. టీవీ ఆరలేదు. అతను చీలమండ పట్టుకుని మూలుగుతుంటే పాట చివరిదాకా హాయిగా సాగింది.

సాయానికి ఎవరినైనా పిలుద్దామని వరదమ్మ కిటికీ తెరిచింది. ఇరుకు సందుకు అవతల, ఎదురింటి తిరుమలయ్య తన కిటికీ పక్కనున్న టీవీ వైపు రిమోట్ చాపి మీట నొక్కాడు. ఆయన టీవీ వెలిగింది, వరదమ్మ వెనక టీవీ ఆరిపోయింది. ఆయన టీవీ కూడా అదే కంపెనీది.

ఏం చేస్తున్నావన్నా అని వరదమ్మ అడిగింది.

"నాకు పాటలు గిట్టవమ్మా. పాటొస్తే ఆపేది, అయిపోతే మళ్ళా ఏసేది" అన్నాడు తిరుమలయ్య.

వరదమ్మ ఆరిపోయిన తన టీవీ వైపు, తిరుమలయ్య చేతిలోని రిమోట్ వైపు చూసింది. పోయిన భర్తకు తనమీద కోపం లేదన్నమాట అని మెల్లగా అనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వసాగింది.

దామోదరం నేలమీదనుంచే గొంతు సవరించుకున్నాడు.

"సూస్తివా అక్కా, ఎట్లా పట్టినానో."

"పట్టింది యాడప్పా, పడితివి గదా."

దామోదరం ఒక క్షణం ఆలోచించి, రెంటికీ పెద్ద తేడా లేదని తీర్మానించాడు.