నడుము కుర్చీ కారణ రణం

ట్యూబులైటు ధవళకాంతులకు తళతళలాడునదియు, పంకా ఘుర్ఘురధ్వనులకు గడగడలాడునదియు, అచ్చుతప్పులకు పుట్టిల్లును అగు ముద్రణాలయపు ప్రూఫుల గదిలో, బుధవారమను నీరసవాసరమున, గడియారము పదకొండు కొట్టి ఇంకను ఊపిరి తీసికొనకమునుపే, ఒక కుర్చీ మెడకు తాడు పడెను. కుర్చీకి మెడ యెక్కడిదందురేమో. మెడ లేకున్నను ఉరి వేయుటయే ఆఫీసు న్యాయము.

ఆ గదిలో కుర్చీలు ఆరు. అయిదు ఇనుపవి, కూర్చున్నవారి ఓర్పును పరీక్షించుటకే పుట్టినవి. ఆరవది మాత్రము దూదిమెత్తతో, వాలువీపుతో, ఉభయహస్తాలంబనములతో విరాజిల్లు మహాపీఠము. నడుము నొప్పి వచ్చినవారు అర్జీ వ్రాసికొనవలె. పర్యవేక్షకుడు సంతకము చేయవలె. అంతట, నొప్పి తగ్గువరకు ఆ పీఠము వారిది.

ఆ పర్యవేక్షకుడే కారణాల సారు. ఎక్కిళ్లకు పంకాను, బట్టతలకు ట్యూబులైటును, తన గురకకు పక్కింటి కుక్కను ముద్దాయిలుగా నిలబెట్టిన నిర్హేతుక హేతువాది.

"రెండేళ్ల లెక్క తీశాను," అని ఆయన మేఘగంభీరముగా పలికెను. "ఆ కుర్చీలో పదకొండు మంది కూర్చున్నారు. పదకొండు మందికీ నడుం నొప్పే. ఇనప కుర్చీల వాళ్లని చూడండి, గుర్రాల్లా ఉన్నారు. అది పీఠం కాదు, పీడ. పాత సామాన్లవాడు గేటు దగ్గరున్నాడు, ఇచ్చేయండి."

"నిజమే సార్, దాన్ని చూస్తేనే నాకు పట్టేస్తుంది," అనెను కామా తమ్ముడు. ఊపిరి పీల్చిన చోటనెల్ల కామా పెట్టు యువవీరుడు వాడు.

తాడు పట్టిన అటెండరు బాబాయి మెల్లగా వంగి, "అమ్మా, కాస్త లేస్తావా, ముడి వెయ్యాలి," అనెను.

ఏలయన, ఆ కుర్చీలో అప్పుడు ఆసీనయై యున్నది అరసున్న అక్క. అరసున్న ఎగిరిపోయినను పేజీని గడప దాటనీయని పెద్ద ప్రూఫ్‌రీడరు కనుక ఆమెకా బిరుదు. ఆమె యెదుట తొమ్మిదివందల పుటల నిఘంటువు. శనివారమునకు ముగియవలె. ఇనుప కుర్చీలోనో, ఆమె నడుము పావుగంటకు మించి నిలువదు. కుర్చీ పోయెనా, నిఘంటువు కామా తమ్ముని పాలగును. వాడు దిద్దినదానిలో అర్థములుండవు, అన్నియు అనర్థములే.

అంతట ఆ ఎర్రసిరా ఖడ్గధారిణి, దోషాక్షరదళనదక్ష, ఒక చేత నడుమును, మరొక చేత బల్లను పట్టుకొని, నెలల పిల్లవాడు నిలబడినట్లు లేచి నిలిచెను.

"సారూ, గోడకి మందుల పెట్టె ఉంది. దాన్ని తెరిచిన ప్రతివాడి వేలూ తెగే ఉంది. దానిక్కూడా తాడు వేయిస్తారా?"

"దానికీ దీనికీ పోలికేంటమ్మా? వేలు తెగాకే కదా పెట్టె తెరుస్తారు."

పంకా సైతము ఒక చుట్టు ఆలోచించి తిరిగెను.

"ఆ మాటే ఇంకోసారి అనండి," అనెను అక్క.

సారు తన బాణము తన కాలికే తగులుట గ్రహించి వెనుకకు తగ్గెను. కాని తగ్గినవాడు ఊరకుండునా? "నడుం సంగతి వేరు. నొప్పి ముందొచ్చిందనడానికి సాక్ష్యం ఏదీ?"

"మీ బీరువాలోనే."

బాబాయి తాడు వదలి ఫైలు తెచ్చెను. పదకొండు అర్జీలు. 'నాలుగు రోజులుగా నడుము నొప్పి, కుర్చీ ఇప్పించగలరు' అనునది ఒకటి. 'వారముగా వంగలేకున్నాను' అనునది వేరొకటి. పదకొండవది అక్కదే, సోమవారము నాటిది. ప్రతి దాని క్రిందను ఒకే దస్తూరి: 'నొప్పి నిజమే. కుర్చీ మంజూరు.' ఆ దస్తూరి సారుదే.

"నడుం బాగున్నవాణ్ణి ఒక్కణ్ణయినా ఇందులో కూర్చోనిచ్చారా?"

"ఎలా కూర్చోనిస్తా? రూలుందిగా."

"మరి గుర్రాలన్నీ ఇనప కుర్చీల్లో కాక ఎక్కడుంటాయి సారూ? కుంటినవాటిని ఏరి ఏరి మీరే ఇటు పంపారు."

"అయితే అక్కా, ఈ కుర్చీ నొప్పి తగ్గిస్తుందన్నమాట," అని కామా తమ్ముడు గెలుపు వైపు గోడ దూకెను.

అక్క ఖడ్గము అటు తిరిగెను. "అదీ తెలీదు. నెల కూర్చుంటే తగ్గిందంటే, నెల గడిచింది కాబట్టీ తగ్గి ఉండొచ్చు. నాకు తెలిసిందల్లా, ఇందులో కూర్చుంటే పని చెయ్యగలుగుతున్నాను. నీకు తెలిసిందల్లా కామా. అది కూడా సగమే."

గేటు దగ్గర పాత సామాన్లవాడు విసిగి కేక వేయగా, బాబాయి కిటికీ నుండి అందరును వినునట్లు రణవృత్తాంతము చాటెను. "ఏం లేదయ్యా. నొప్పొచ్చినవాళ్లకే ఈ కుర్చీ ఇస్తాం. ఇచ్చి, ఇందులో కూర్చున్నవాళ్లందరికీ నొప్పి ఉందని దీన్ని తిట్టాం."

"మరి ఇచ్చేవాడికి ఆ సంగతి తెలీదా?"

"సంతకం చేసేవాళ్లు చదవరు బాబూ."

అంతట అరసున్న అక్క కుర్చీ మెడనున్న తాడు తీసి, మెల్లగా, మహారాజ్ఞివలె ఆసీనురాలయ్యెను. మూరెడు వెడల్పు దూది శత్రువిముక్తమాయెను. నిఘంటువు నాలుగువందల పదునేడవ పుట కదలెను. ఓటమినెరుగని కారణాల సారు మాత్రము రెండు చేతులతో తల పట్టుకొని, "ఫైలు దుమ్మువల్లే ఈ తలనొప్పి," అని కనిపెట్టెను.