ఏడింటికి తెరుచుకోని కిటికీ

ఏడు గంటలకల్లా ఎదురింటి నర్సమ్మ వీధి కిటికీ తెరవాలి. అది చూసి బస్సు డ్రైవరుగారు తన కిటికీ తెరవాలి. ఆవిడ ఆసుపత్రి నుంచి, ఈయన ఆర్టీసీ నుంచి రిటైరై ఒంటరిగా ఉంటున్నవాళ్లు. పక్క వీధి పెద్దాయన స్నానాలగదిలో జారిపడి, పగలంతా ఆ తడి గచ్చు మీదే ఉండిపోయాక చేసుకున్న ఒప్పందమది.

ఆ రోజు ఏడున్నరైనా నర్సమ్మ కిటికీ తెరుచుకోలేదు. డ్రైవరుగారు చెప్పులైనా వేసుకోకుండా వీధి దాటి తలుపు బాదాడు. ఫోన్ చేస్తే లోపల మోగుతోంది, ఎత్తే దిక్కు లేదు.

"పిన్నిగారు నిన్ననే కళ్లు తిరుగుతున్నాయన్నారు బాబాయిగారూ," అంది పక్కింటి టైలరమ్మ.

ఆ మాటతో ఆయన వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేశాడు. టైలరమ్మ పొరుగూళ్లో ఉన్న నర్సమ్మ కూతురికి చేసి, "మీ అమ్మగారు లోపల పడిపోయినట్టున్నారమ్మా!" అని అరిచింది. సిగ్నల్ సరిగా లేక ఆ 'పడి' కాస్తా గాల్లో కలిసిపోయి, 'పోయినట్టున్నారు' మాత్రమే అవతలికి చేరింది. కూతురు ఏడుస్తూనే చుట్టాలందరికీ కబురు పెట్టి బయలుదేరింది.

డ్రైవరుగారు ఇక ఆగలేక, వెంటిలేటర్లోంచి చూద్దామని ప్లాస్టిక్ కుర్చీ వేశాడు.

"వద్దండీ, ఈ వయసులో!"

"నలభై ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి, కుర్చీ ఎక్కలేనా?"

ఎక్కాడు. కుర్చీ కాలు పుటుక్కుమంది. కింద పడి కాలు విరిగినా ఆయన ధ్యాస తన మీద లేదు. "నన్నొదిలేయండి, తలుపు పగలగొట్టండి! లోపల ఒక్కర్తే ఉంది!" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"పగలగొట్టడం ఎందుకండీ? తాళంచెవి నా దగ్గరుందిగా," అంది వెనక నుంచి నర్సమ్మ.

కళ్లెందుకు తిరుగుతున్నాయో తేల్చుకుందామని ఆమె పరగడుపునే రక్తపరీక్షకు వెళ్లింది. లాగితే తాళం పడే తలుపు కావడంతో ఎవరికీ తెలియలేదు.

"ఫోనైనా తీసుకెళ్లొద్దూ?"

"ఛార్జింగులో పెట్టి మరిచిపోయా. కాలు కదపకండి." అట్టముక్క ఆనించి, టైలరమ్మ చున్నీతో కట్టు కట్టసాగింది. "చెప్పి వెళ్లాల్సింది. తప్పు నాదే."

అంబులెన్సు వచ్చింది. "పడిపోయినావిడ ఎక్కడ?"

"ఆవిడే కట్టు కడుతోంది. ఎక్కించాల్సింది నన్ను," అన్నాడు డ్రైవరుగారు.

మధ్యాహ్నం తలుపు తీసిన తల్లిని చూసి కూతురు ఆమెను వాటేసుకుని వదల్లేదు. మర్నాడు నర్సమ్మ, కాలికి పిండికట్టుతో తిరిగొచ్చిన డ్రైవరుగారు, తమ ఇళ్ల తాళంచెవులు ఒకరివొకరు తీసుకున్నారు.

కడసారి చూపుకని పరుగున వచ్చిన చుట్టాలు మాత్రం మూడు రోజులుండి, ఆవిడ చేతే వండించుకుని తిని వెళ్లారు.