గుడ్ల అరలో రెండు సీసాలు

ఆ రోజు పొద్దున్న డ్రిల్లు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య పెరట్లో కోడిపిల్లల దగ్గరున్న సమయం చూసి ఫ్రిజ్‌లో గుడ్ల అరలోంచి సీసా తీయాలి. స్నానాల గదిలో గడియ వేసుకుని, మందు కలిపి పొట్టకు సూది పొడుచుకోవాలి. ఏమీ ఎరగనట్టు బడికి పోవాలి.

భుజంలో కండ చిరిగి మూడు వారాలైంది. ఇంకో మూడు వారాలు చెయ్యి కదపవద్దని డాక్టరు పట్టీ కట్టాడు. పాత విద్యార్థులతో వాలీబాల్ పోటీ చూస్తే పది రోజుల్లోనే ఉంది. ఇరవయ్యేళ్ళుగా మొదటి సర్వీసు మాస్టారిదే. ఈసారి లెక్కల మాస్టారు చేస్తాడని విన్నప్పటి నుంచి ఆయనకు ముద్ద దిగడం లేదు. ఫోనులో వెతికి వెతికి, చిరిగిన కండను అతికిస్తుందంటున్న పెప్టైడ్ మందేదో తెప్పించారు. సీసా మీద అంటించిన కాగితంపై "పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు" అని ఉంది. భార్య చూస్తే ఇల్లు పీకి పందిరేస్తుందని ఆ కాగితాన్ని గోటితో శుభ్రంగా గీకేశారు.

పథకం అనుకున్నట్టే సాగింది. మధ్యాహ్నానికి భుజం దూదిపింజలా తేలికైంది. మాస్టారు పట్టీ విప్పేసి, హెడ్మాస్టరుకు మందు సంగతి చెప్పి చెయ్యి తిప్పి చూపించారు.

"మోకాలికి కూడా పనిచేస్తుందా అది?" అన్నాడు హెడ్మాస్టరు, తన మోకాలు నిమురుకుంటూ.

"మోకాలేంటండీ, విరిగిన కుర్చీకి పూసినా అతుక్కుంటుంది. చూడండి."

మాస్టారు బంతి ఎగరేసి కొట్టారు. అది ప్రహరీ దాటిపోయింది. భుజంలో టక్కుమని చిన్న చప్పుడైంది. మందు పనిచేస్తోందనుకున్నారు.

సాయంత్రం చెయ్యి వేలాడేసుకుని ఇల్లు చేరేసరికి భార్య ఫ్రిజ్ ముందు నిలబడి ఉంది.

"ఏమండీ, ఇక్కడో చిన్న సీసా ఉండాలి. చూశారా?"

"ఏ సీసా?"

"కోళ్ళకు తెగులు రాకుండా వేసే మందండీ. కొట్టతను ఐసులో పెట్టిచ్చాడు, తడికి కాగితం ఊడిపోయింది. పొద్దున్న చూస్తే రెండున్నాయి. పోన్లే, ఒకటి ఎక్కువిచ్చాడనుకుని, ఒకటి కలిపి కోడిపిల్లల కళ్ళలో చుక్కలేశా. కొట్టతనికి ఫోన్ చేస్తే ఒకటే ఇచ్చానని ఒట్టేస్తున్నాడు."

మాస్టారు గుడ్ల అరలోకి తొంగిచూశారు. "నువ్వు తీసింది ముందున్నదా, వెనకున్నదా?"

"ఏమో, రెండూ తెల్లపొడే కదా. అయినా మీకెందుకు?"

చెప్పక తప్పలేదు. ఆవిడ మొత్తం విని, కాసేపు లెక్క కట్టుకుంది. "అంటే నా పిల్లల కళ్ళలో మీ మందు పడిందా?"

"లేకపోతే నా పొట్టలో నీ మందు పడింది."

"ముప్పై పిల్లలండీ."

"మరి నేను?"

"మీరు కోరి పొడుచుకున్నారు. వాటినెవరడిగారు?"

డాక్టరు భుజం నొక్కి చూసి, కథంతా విన్నాడు. "ఇంతకీ ఏది వేసుకున్నారు?"

"అదే తెలీడం లేదండీ."

"కోళ్ళదే అయితే బావుండును."

"అదేంటండీ?"

"అందులో ఏముందో, ఎవరు చేశారో కొట్టతన్ని అడిగి తెలుసుకోవచ్చు. మీదాన్ని ఎలుకల మీద చూశారు గానీ, మనుషుల మీద సరిగ్గా చూసినవాళ్ళు లేరు. సీసాలో అసలు అదే ఉందో లేదో కూడా చెప్పలేం."

"మరి మధ్యాహ్నం నొప్పి పోయిందిగా?"

"పొద్దున్న నేనిచ్చిన నొప్పి బిళ్ళ వేసుకున్నారా?"

"వేసుకున్నా."

డాక్టరు జ్వరమొస్తే వెంటనే రమ్మని చెప్పి, కొత్త పట్టీ కట్టి, మళ్ళీ మొదటి నుంచి ఆరు వారాలు రాశాడు.

పోటీనాడు మాస్టారు బల్ల మీద కూర్చుని, లెక్కల మాస్టారి సర్వీసు వలకు తగలడం కళ్ళారా చూశారు. అదొక్కటే ఊరట. ఇంట్లో భార్య రోజూ పొద్దున్నే కోడిపిల్లలను ఒక్కొక్కటిగా ఎత్తి చూసి, అదే చేత్తో ఆయన మెడ కూడా పట్టుకుని చూసేది, తెగులొచ్చిన కోడిలా తల వాల్చేస్తున్నారేమోనని.

ఆ ఏడు ఆ ఇంట్లో మాస్టారితో సహా ఎవరికీ కోళ్ళ తెగులు రాలేదు.